గుర్తు లేని రాణి

పుదుచ్చేరి వైశ్యాళ్ వీధిలో అరుగు మీద కూర్చుని దూలాల సందుల్లోకి చూస్తుంటే, ఎక్కడో ఒకచోట కందిరీగల గూడు కంటపడుతుంది. చెక్క పీచు నమిలి, నోటి తడితో కలిపి పరిచిన బూడిదరంగు కాగితపు గదులు. అన్నిటినీ మోసేది ఒకే ఒక్క సన్నని కాడ. చీమలు ఎక్కి రాకుండా ఆ కాడకు తమ ఒంట్లోంచి తీసిన రసం పూస్తాయి. పొగ పెట్టి కాల్చేద్దాం అనేవాళ్లే ఎక్కువ. గూడు తలకు తగిలే ఎత్తులో లేకపోతే నేను వద్దనే అంటాను. లోపల జరిగేది చూడకుండా కాల్చడానికి నాకు మనసొప్పదు.

మన వైపు తరచుగా కనిపించే ఈ ఎర్ర గోధుమరంగు కందిరీగ పేరు రొపాలిడియా మార్జినాటా. లెపెల్టియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1836లో దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. అప్పటికి ఈ ఊరూ ఫ్రెంచివాళ్ల పాలనలోనే ఉంది. తేనెపట్టులో రాణిని ఎవరైనా పోల్చుకోగలరు, దాని పొట్ట అంత పొడుగు. ఈ గూట్లో రాణికీ పనిచేసేవాటికీ కంటికి కనిపించే తేడా లేదు. ఒక్కోదాని మీద రంగు చుక్కలు పెట్టి, గంటల తరబడి కాపు కాసి, గుడ్డు పెడుతున్నదేదో చూస్తేగాని తెలియదు.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలుగా ఆ కాపు కాశారు. 1983లో తోటి పరిశోధకుడు జోషితో కలిసి, గూట్లోని ఆడవాటిని నడత చూసి మూడు రకాలుగా విడదీశారు: కూర్చునేవి, కొట్లాడేవి, తిండి తెచ్చేవి. ఇటలీలో లియో పార్డి 1940లలో పొలిస్టెస్ కందిరీగలను గమనించి, అక్కడ మిగతావాటిని దబాయించి అణిచేదే రాణి అని చూపించాడు. మన రాణి ఎవరినీ కొట్టదు. కూర్చునే గుంపులోనే ఉంటుంది. పొట్ట చివర గూటికి రాస్తూ, అక్కడ అంటిన వాసనతోనే తానున్నానని చెబుతుంది.

ఆ రాణిని తీసేస్తే? నిమిషాల్లో ఒక పనికత్తె ఉగ్రరూపం ఎత్తుతుంది. కనబడ్డదాన్నల్లా తరుముతుంది, కొరుకుతుంది. పాత రాణిని తెచ్చి పెడితే చల్లబడి మళ్లీ పనిలోకి పోతుంది. తేకపోతే వారం రోజుల్లో గుడ్లు మొదలుపెడుతుంది, కోపం తగ్గించుకుంటుంది, చివరికి ఆ సాధు రాణే అవుతుంది. దాన్నీ తీసేస్తే ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. వరస ఎవరిదో మనుషులు ముందే చెప్పలేకపోయారు. కందిరీగలకు మాత్రం తెలుసు. ముందుకొచ్చినదానితో మిగతావి పోటీకి దిగవు.

రాణికీ పనివాటికీ ఒంట్లో తేడా లేకపోవడానికి మన వాతావరణం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. ఐరోపాలో చలి ఏటా గూళ్లను ముగించేస్తుంది, కొవ్వు దాచుకున్న ఆడవే వసంతానికి మిగులుతాయి. ఇక్కడ ఏ నెలలోనైనా కొత్త గూడు కట్టొచ్చు, లేదా పాత గూట్లోనే వంతు కోసం ఆగొచ్చు. ఆగినవాటికి ఎప్పుడు ఏ పని మీద పడుతుందో తెలియదు. అలాంటప్పుడు ఒళ్లు ఒకే పనికి బిగుసుకుపోకుండా ఉండటమే మేలు. అలాగని కందిరీగలన్నీ ఇంతే అనుకోకూడదు. దీని చుట్టమే అయిన మడగాస్కర్ రొపాలిడియా ఇగ్నోబిలిస్ గూళ్లు చిన్నవే, అయినా రాణికీ పనివాటికీ ఆకారంలో పెద్ద తేడా ఉంటుంది. దక్షిణ అమెరికా అపోయికా కందిరీగల్లో రాణి పెద్దదేమీ కాదు, ఒంటి అవయవాల పొందికే వేరు.

మన కందిరీగల్లో ప్రతి ఆడదీ రాణి కాగలదని నమ్మాలని నాకు ఎంతో ఉంటుంది. ఆ నమ్మకానికి గడగ్కర్ బృందం ప్రయోగమే అడ్డు తగిలింది. అప్పుడే రెక్కలొచ్చిన ఆడవాటిని విడివిడిగా పెట్టి, కడుపు నిండా తిండి పెట్టారు. అడ్డుకునే రాణి లేదు. అయినా సుమారు సగమే గూడు కట్టి గుడ్లు పెట్టాయి. మిగతావి పెట్టకుండానే చనిపోయాయి. పురుగుగా గదిలో ఉన్నప్పుడు అందిన పోషణకు ఇందులో పాత్ర ఉందని తర్వాత తేలింది. పైకి కనిపించని ఆ తేడా రెక్కలు రాకముందే, పెద్దవి తెచ్చి నోట్లో పెట్టిన ముద్దల దగ్గరే మొదలైంది.