నెలలు నిండిన ఇల్లు

ప్రతి నెలా తొమ్మిదో తేదీన కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల నుంచి గర్భిణులతో నిండిన ఆటోలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దారి పడతాయి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అనే పేరుతో 2016లో మొదలైన ఏర్పాటు ఇది. నాలుగో నెల దాటిన గర్భిణులను ఆ రోజు డాక్టరే స్వయంగా చూడాలి, పైసా తీసుకోకూడదు. పల్లెల్లో అంత పొడుగు పేరు ఎవరూ పలకరు. ‘తొమ్మిదో తేదీ’ అంటే అందరికీ తెలుసు. మార్చిలో అలాంటి ఒక తొమ్మిదో తేదీ నేను ఒక కేంద్రానికి పోయేసరికి వేపచెట్టు కింద బెంచీలన్నీ నిండిపోయాయి. ఒక్కొక్కరి వెంట తల్లో అత్తో, నీళ్ళ సీసా, చేతిలో నలిగిన తల్లీబిడ్డల రక్షణ కార్డు. మొగుళ్ళు చాలా తక్కువ. చెనక్కాయ పంట ఇంటికి చేరాక ఈ తావుల్లో మగవాళ్ళు బెంగళూరులోనే ఉంటారు.

లోపల బల్ల మీద పడుకున్న ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. రెండో కాన్పు. మొగుడితో పాటు బెంగళూరులో భవనాల పనికి పోయి, ఏడో నెల దాకా ఇటుకలు మోసి, పుట్టింటికి వచ్చింది. నర్సమ్మ టేపు తీసి ఒక కొస పొత్తికడుపు కింది ఎముక మీద ఆనించి, రెండో కొసను గర్భసంచి పై అంచు దాకా లాగింది. ఎన్ని వారాలు నిండితే దాదాపు అన్ని సెంటీమీటర్లు రావాలి. ‘ముప్పై నాలుగు’ అని పక్కనున్న ఆశా కార్యకర్తతో రాయించింది. తర్వాత రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకుని, బిడ్డ వీపు ఏ పక్కనుందో, తల కిందికి తిరిగిందో లేదో తడిమి చూసింది. చేతులు వెచ్చచేసుకోవడం ఏ రికార్డులోనూ రాయరు. చల్లటి చెయ్యి తగిలితే పొట్ట బిగుసుకుంటుందని ఎన్నో పొట్టలు చూసిన మనిషికి బాగా తెలుసు. ఆఖరున డాప్లర్ పెట్టింది. నిమిషానికి 110 నుంచి 160 దాకా కొట్టుకుంటే బిడ్డ గుండె బాగున్నట్టే. ఆ చప్పుడు వినపడగానే గుమ్మంలో నిలబడిన తల్లి లోపలికి వచ్చేసింది.

ఆ తర్వాత రక్తపరీక్ష కాగితం వచ్చింది. హిమోగ్లోబిన్ 9.4. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగానికి పైగా ఈ లెక్కలోనే ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఈమెకు కూడా ‘రక్తం బిళ్ళలు’ ఇచ్చారు. రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు మింగాలి. మింగితే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది. అది చూసి భయపడి మానేసేవాళ్ళూ ఉన్నారు. నర్సమ్మ కసురుకోలేదు. ‘నలుపు కావడం బిళ్ళ గుణం పాపా, భయపడొద్దు. రాత్రి అన్నం తిన్నాక ఏసుకో. టీ తాగి మాత్రం ఏసుకోవద్దు. కాల్షియం బిళ్ళ పొద్దున ఏసుకో, రెండూ ఒకేసారి మింగితే ఒకటి ఇంకోదాన్ని పారనీదు’ అని చెప్పింది. నెలలు మీదికి వచ్చాయి కాబట్టి నరం ద్వారా ఐరన్ ఎక్కిద్దామని డాక్టరమ్మ నిర్ణయించింది.

తర్వాత కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటించారు. ఏ చిక్కూ లేనివాళ్ళకు పచ్చది, జాగ్రత్త పడాల్సినవాళ్ళకు ఎర్రది. ఆమె రక్తం బీ నెగటివ్. మొగుడిది పాజిటివ్. తల్లిది నెగటివ్ అయి, కడుపులో బిడ్డది పాజిటివ్ అయితే కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి ఒళ్ళు దాన్ని పరాయిదిగా ఎంచి విరుగుడు తయారుచేసుకుంటుంది. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు, ఆ విరుగుడు తర్వాతి బిడ్డ రక్తం మీద పడుతుంది. అందుకే బిడ్డ పుట్టిన 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు. ఈమెకు మొదటి కాన్పులో వేశారు, ఈసారి ఏడో నెలలో బెంగళూరులోనూ వేశారు. ఆ చీటీలు రెండూ ఆమె ప్లాస్టిక్ కవరులో దాచిపెట్టుకుంది. ఈ కాన్పు దాకా ఆ చిక్కు తీరినట్టే. రెండో చిక్కు రక్తం ఎక్కించాల్సి వస్తేనే. మన జనంలో నెగటివ్ రక్తం ఉన్నవాళ్ళు నూటికి సుమారు ఐదుగురు. ఒంట్లో 9.4 ఉన్న మనిషికి కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా తట్టుకునే బలం ఉండదు.

‘కాన్పు ఇక్కడ వద్దు, కళ్యాణదుర్గమైనా పోవాల, అనంతపురమైనా పోవాల. రక్తమిచ్చే మనిషిని ఇప్పుడే చూసి పెట్టుకోండి’ అని డాక్టరమ్మ ఆశా కార్యకర్తకు గట్టిగా చెప్పింది.

ఆశా కార్యకర్తతో కలిసి వాళ్ళ ఊరికి పోయాను. రాయదుర్గం దారిలో కొంతదూరం పోయి పక్కకు తిరగాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే బాగా కురిసినట్టు లెక్కపెట్టే నేల ఇది. దక్షిణాదిలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో అనంతపురం ఒకటని బడిలోనే చెప్తారు. మార్చికే చేలు బోడిగా ఉన్నాయి. దారిలో చెరువు మధ్య దాకా గొర్రెలు మేస్తున్నాయి.

ఇంటి అరుగు మీద తల్లి చింతపండు కొడుతోంది. కిలోకు ఇంత అని కూలి. గర్భిణి కూడా వచ్చీ రాగానే చీర మార్చుకుని గోడకు ఆనుకుని కూర్చుని గింజ తీయసాగింది. ఆమె మూడేళ్ళ కూతురు గింజలన్నీ డబ్బాలో పోస్తోంది. కాన్పు సామాను చూపించమంటే తల్లి సంతోషంగా లేచి ట్రంకు పెట్టె తెరిచింది. అన్నిటికంటే పైన పాత నూలు చీరలు, పంచెలు చించి మడతపెట్టిన పొత్తిగుడ్డలు. వేడినీళ్ళలో ఉడికించి, రెండెండలు ఆరబెట్టి, ఉతికిన గోనెసంచిలో కట్టి పెట్టింది. చేత్తో తాకి చూశాను. ఎన్నో ఏళ్ళు కట్టి ఉతికిన నూలుకు మాత్రమే వచ్చే మెత్తదనం. కొత్తబట్ట పసిబిడ్డకు ఒరుసుకుంటుందని ఆమె అంది. నాకు తెలిసిన పిల్లల డాక్టర్లు కూడా ఈ మాటే చెప్తారు, కాకపోతే ఉతికి ఎండలో ఆరబెట్టమని గట్టిగా అంటారు. కింద రెండు నైటీలు, ఒక బొంత, టోపీ, సబ్బు, తువ్వాలు. ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాస్‌బుక్కు, ఆరోగ్యశ్రీ కార్డు ఆ ప్లాస్టిక్ కవరులోనే. ఛార్జరు కూడా పెట్టమని ఆశా కార్యకర్త గుర్తుచేసింది. రాత్రిపూట ఆసుపత్రిలో ఫోను ఆగిపోయి మొగుడికి కబురందక నానా అవస్థ పడిన ఇల్లు ఆమెకు తెలుసు.

ఉయ్యాల చీర మాత్రం బయటికి తీయలేదు. బిడ్డ పుట్టకముందు ఉయ్యాల కట్టకూడదట. నేనూ అడగలేదు. పుట్టేదాకా ఏదీ ఖాయం కాదని తరతరాలుగా చూసిన ఇళ్ళలో ఆ నియమం ఉండడం న్యాయమే అనిపించింది.

మా మాటలు విని పక్కింటి అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. ఒకప్పుడు ఈ ఊరికీ పక్క రెండు ఊళ్ళకూ ఆమే మంత్రసాని. ఈ గర్భిణి తల్లిని కూడా నేల మీదికి తెచ్చింది ఆమే. మీ కాలంలో కాన్పుకు ఏమేం సిద్ధం చేసుకునేవాళ్ళు అవ్వా అని అడిగాను. కత్తి, నూలుదారం, ఆముదం అని చెప్తుందనుకున్నాను.

‘నీళ్ళు’ అంది. ‘నెల ముందునుంచే కట్టెలు ఏరి మిద్దెమీద పెట్టుకుంటాండిరి. నొప్పులు మొదులైతే ఇంట్లో ఉండే ఆడోళ్ళంతా బాయికి పరిగెత్తాల్సిందే. ఎండాకాలంలో బాయిలో నీళ్ళు ఊరేదాకా గట్టు మీద కూచోని ఉంటిమి. తల్లికి పోయాల, బిడ్డకు పోయాల, గుడ్డలు ఉతకాల. నీళ్ళు లేని కాన్పు ఎట్లా చేస్తావు?’

సత్యసాయి నీటి పథకం కుళాయిలు జిల్లాలో ఏడొందలకు పైగా ఊళ్ళకు వచ్చింది 1990ల మధ్యలోనే. అంతకుముందు ఈ ప్రాంతంలో చాలా ఊళ్ళు ఫ్లోరైడు బోరునీళ్ళ మీదే బతికాయి. ఆ కుళాయిల వల్ల బాలింతలకు ఎంత మేలు జరిగిందో విడిగా ఎవరైనా లెక్కగట్టారో లేదో గానీ అవ్వకు ఆ లెక్క అక్కరలేదు.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. తన చేతుల్లో ఇద్దరు తల్లులు పోయారట. ‘బిడ్డ బాగుండాది, మాయ పడింది, అంతా అయిపోయిందనుకుంటిమి. రక్తం ఆగలే. బండి కట్టేసరికి ఒకామె పోయింది. ఇంకొకామె దారిలో పోయింది.’ ఇప్పుడు ఆసుపత్రిలో బిడ్డ బయటపడిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వేస్తారు. గర్భసంచి ముడుచుకుని రక్తం ఆగుతుంది. కొన్ని రూపాయల మందు. ప్రాణంతో పుట్టే లక్ష మంది బిడ్డలకు ఇంతమంది తల్లులు పోతున్నారనే లెక్క 2001–03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 195 ఉంటే, 2018–20కి ఆంధ్రప్రదేశ్‌లో 45కి దిగింది. ఆ తేడాలో 2005లో రోడ్డెక్కిన 108 వాహనం ఉంది, అదే ఏడాది మొదలైన ఆశా వ్యవస్థ ఉంది, ఆ చిన్న ఇంజెక్షన్ ఉంది. మంత్రసానుల చేతిలో ఆ మందు, ఇంటి ముందు ఆ బండి ఉండి ఉంటే ఈ అవ్వ ఆ ఇద్దరినీ ఇన్నేళ్ళు మోయాల్సి వచ్చేది కాదు. అనుభవం లేకనో అజ్ఞానం వల్లనో తల్లులు పోయారని మంత్రసానుల మీద తోసేయడం అన్యాయం.

నాకు కోపం తెప్పించింది వేరే సంగతి. ఈ గర్భిణి ఏడో నెల దాకా ఇటుకలు మోసింది. ఎనిమిదో నెల నుంచి కూలి లేదు. కంపెనీల్లో, కచేరీల్లో పనిచేసే ఆడవాళ్ళకు 2017 నుంచి 26 వారాల జీతంతో కూడిన సెలవు హక్కుగా ఉంది. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణులకు ఆరు వేలకు తగ్గకుండా ఇవ్వాలని రాసుకుంది. ఆచరణలో ప్రధానమంత్రి మాతృవందన పథకం మొదటి కాన్పుకు ఐదు వేలు ఇస్తుంది. రెండో కాన్పుకైతే ఆడబిడ్డ పుడితేనే ఆరు వేలు. ఆడబిడ్డను ఆదరించాలనే ఉద్దేశం మంచిదే. కానీ డబ్బు కావలసింది ఇప్పుడు, ఈ తొమ్మిదో నెలలో, గుడ్డూ పాలూ తినాల్సినప్పుడు, ఆటోకు పెట్టాల్సినప్పుడు. పుట్టేది ఎవరో తేలాక, అది కూడా మగబిడ్డ కాకపోతే ఇచ్చే డబ్బు ఈ కడుపుకు ఏ విధంగా సాయం? అంగన్‌వాడీ నుంచి వచ్చే గుడ్లు, పాలు, రాగిపిండి, బెల్లమే ఆమెకు నికరంగా అందుతున్న సాయం. అందులోనూ సగం గుడ్లు మూడేళ్ళ కూతురి కంచంలోకి పోతున్నాయి. ఆ పని ఏ తల్లి చేయదు?

మరుసటి రోజు ఆశా కార్యకర్త ఆమెను కళ్యాణదుర్గంలోని ఆర్డీటీ ఆసుపత్రికి తీసుకుపోయింది. వాళ్ళతో నేనూ పోయాను. 1969లో అనంతపురం వచ్చి ఈ కరువు నేలలో పని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్‌ను ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘ఫాదర్’ అనే అంటారు. ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థకు బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో, కణేకల్లులో ఆసుపత్రులున్నాయి. ఆ రోజు పని చూపించుకోవడమే అయినా ఆశా కార్యకర్త ఉద్దేశం వేరు. ఏ గేటు దగ్గర దిగాలి, రాత్రిపూట ఎవరిని లేపాలి, కాన్పుల వార్డు ఎటువైపు అన్నది గర్భిణికీ ఆమె తల్లికీ ముందే చూపించి పెట్టింది. కాన్పు మరణాల మీద పనిచేసినవాళ్ళు మూడు ఆలస్యాల గురించి చెప్తారు. పోదామా వద్దా అని ఇంట్లో తేల్చుకునే ఆలస్యం, దారిలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన మాట ఇది. మొదటి రెండూ నొప్పులు రాకముందే తగ్గించుకోవచ్చు. ఈ ఆశా కార్యకర్త ఆ పరిశోధన చదవలేదు. ‘నొప్పులొచ్చినాక మొగోళ్ళు మాట్లాడుకోడానికి కూచుంటే కుదరదక్కా. ఆ మాటలన్నీ ఈ నెల్లోనే అయిపోవాల’ అంది.

ఆసుపత్రి వరండాలో అత్తలతో, తల్లులతో ఆమె మెల్లగా ముర్రుపాల సంగతి కూడా తెచ్చింది. బిడ్డ పుట్టిన గంటలోపు పాలు పట్టాలి, ముందు చక్కెర నీళ్ళూ ఆముదమూ నాకించొద్దు, బొడ్డుకు ఏమీ పూయొద్దు, మొదటి రోజు నీళ్ళు పోయొద్దు. ‘మా పిల్లకు ఆముదం నాకిస్తిమే, ఏమైందిప్పుడు?’ అని ఒకామె నిలదీసింది. ఆశా కార్యకర్త వాదన పెట్టుకోలేదు. ‘ఏం కాలేదు లేత్తా, అదృష్టం. ఈసారి అదృష్టం దాకా పోవద్దు’ అంది. ఆ జవాబు అందరికీ నచ్చింది.

ఇంతకీ రక్తమిచ్చే మనిషి? మొగుడు, తమ్ముడు, బావలు అందరూ పాజిటివే. వాళ్ళు ఇస్తే బ్లడ్‌బ్యాంకులో నిల్వ పెరుగుతుంది గానీ ఈమెకు నేరుగా పనికిరాదు. ఆశా కార్యకర్త తన పాత రిజిస్టర్లు తిరగేసింది. నాలుగేళ్ళ కింద పక్క ఊళ్ళో కాన్పయిన ఒకామె తమ్ముడిది బీ నెగటివ్ అని అందులో రాసి ఉంది. అప్పట్లో అక్కకు రక్తమిచ్చాడు. ఇప్పుడు లారీ తోలుతున్నాడు. సాయంత్రం ఫోను స్పీకరులో పెట్టి మా ముందే మాట్లాడింది.

‘డేటు ఎప్పుడక్కా?’ అని అడిగాడు.

చెప్పింది. అంతకంటే పది రోజులు ముందైనా రావచ్చు, వారం దాటినా దాటొచ్చు అని కూడా చెప్పింది.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, ‘ఆ మూడు వారాలు హుబ్లీ లోడు ఒప్పుకోను. అనంతపురం, ధర్మవరం, హిందూపురం, అంతే తిరుగుతా. ఫోను ఆపను. రాత్రి రెండు గంటలకు చేసినా ఎత్తుతా. ఇంకో నంబరు కూడా రాసుకో, మా ఓనరుది’ అన్నాడు.

ఆశా కార్యకర్త ఆ రెండు నంబర్లూ కార్డు వెనక, ఎర్ర స్టిక్కరు పక్కనే రాసింది. తర్వాత అదే ఫోను నుంచి బెంగళూరులో ఉన్న మొగుడికి చేసి, డేటుకు వారం ముందే వచ్చేయాలని, రాకపోతే తానే మేస్త్రీతో మాట్లాడతానని చెప్పింది.