నడచుచున్న ప్రోగ్రామునకు మార్పు

గత సంవత్సరము జూన్ మాసమున, బడిలో పిల్లలను చేర్చుకొను దినముననే, కార్యాలయపు కంప్యూటరు ప్రోగ్రామును సవరించుటకై దానిని రెండు గంటలు నిలుపవలసి వచ్చెను. కూలి మానుకొని వచ్చిన తండ్రి యొకడు కుమార్తె చేయి పట్టుకొని వరండాలో నిలుచుండెను. అది చూచిన తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, "మాస్టారూ, ఆపకుండ మార్చరాదా అండీ?" యని మమ్మడిగెను. "ఆపరేటింగ్ సిస్టము ప్రత్యేకముగా తోడ్పడనిదే యది యసాధ్యము" అని మేము నిస్సంశయముగా బదులు చెప్పితిమి.

పిమ్మట విచారింపగా మా మాట సరికాదని తెలిసినది.

స్వీడను దేశమందలి ఎరిక్సన్ సంస్థలో 1986 మొదలుకొని టెలిఫోను పనులకై ఎర్లాంగ్ అను భాష రూపొందెను. టెలిఫోను యంత్రము నిలిచినచో ఊరంతయు మూగపోవును గదా! కావున ఒక్కొక్క మాడ్యూలునకు పాతది, క్రొత్తది యను రెండు ప్రతులు ఏకకాలమున నుండుటకు ఆ భాషయే వీలు కల్పించినది. జరుగుచున్న పని పాత ప్రతిలో సాగును. మాడ్యూలును మరల పేరుపెట్టి పిలిచినపుడు క్రొత్త ప్రతి పలుకును. ఇందులకు ఆపరేటింగ్ సిస్టము యొక్క ప్రత్యేక సాయ మక్కరలేదు.

ఎన్జింక్స్ అను వెబ్ సర్వరుది మరియొక మార్గము. క్రొత్త ప్రోగ్రాము మొదలై, పాతది తెరచియుంచిన సాకెట్లను వారసత్వముగా గైకొనును. పాతది చేతిలోని పనులు ముగించుకొని సెలవు పుచ్చుకొనును. గంట కొట్టగానే ఒక ఉపాధ్యాయుడు హాజరుపట్టీని రెండవవారి కప్పగించి వెడలుట వంటిదే యిది. ఇచ్చట ఆపరేటింగ్ సిస్టము సాయము కలదు. కాని యది యూనిక్సులోని సామాన్య సదుపాయమే.

ఆపరేటింగ్ సిస్టమునే మార్చవలసి వచ్చినచో పని మరింత లోతునకు పోవును. 2015లో వెలువడిన లినక్సు 4.0 కెర్నెలునందు ఇందులకై యేర్పాటు చేరినది. దోషమున్న ఫంక్షనునకు వచ్చిన పిలుపు సవరించినదానికి మళ్ళింపబడును.

అన్నిటికంటె కష్టమైనది, పాత ప్రోగ్రాము మనసులోని లెక్కలను చెడకుండ క్రొత్తదాని కప్పగించుట. దానికి మూలము ముందుచూపు. అది ప్రోగ్రాము వ్రాయువారి వంతు.

మరునాడు తరగతిలో మా తప్పు నొప్పుకొని, ఈ సంగతులన్నియు చెప్పితిమి. ఆ బాలిక క్షణకాల మాలోచించి, "అయితే ఆయన కూలి పోనక్కరలేదు గదండీ" అనెను. మాకు బదులు తోచలేదు.