చూపునిచ్చే చెయ్యి

మన అభ్యుదయ సాహిత్యంలో చీకటికీ వెలుగుకూ కొదవలేదు. అజ్ఞానం గుడ్డితనమనీ, చైతన్యం చూపనీ క్లాసులో చెప్పి చెప్పి నాకూ ఆ ప్రతీకలు అలవాటైపోయాయి. కాని ప్రపంచంలో గుడ్డితనానికి అన్నిటికంటే పెద్ద కారణం కంట్లో శుక్లం. అది ప్రతీక కాదు, జబ్బు. కొద్ది నిమిషాల శస్త్రచికిత్సతో పోయే జబ్బు. పోయే జబ్బు ఎందుకు పోవటంలేదని అడిగితే, జవాబు వైద్యశాస్త్రంలో సగమే దొరుకుతుంది. మిగతా సగం ఆర్థికశాస్త్రంలో ఉంది.

నా చిన్నతనంలో మా నాయనమ్మ సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకునేది. నేను పుట్టకముందే ఒక కంటి శిబిరంలో ఆమెకు శుక్లం తీశారు. ఆనాటి శిబిరాల్లో సాధారణంగా జరిగేది అంతే: మసకబారిన లెన్సు తీసేసి, దాని చోట ఏమీ పెట్టకుండా దళసరి అద్దాలిచ్చి పంపేవారు. ఒకసారి ఆ అద్దాలు కిందపడి పగిలాయి. కొత్తవి వచ్చేదాకా కొన్ని నెలలపాటు ఆమె గోడ పట్టుకుని నడిచింది. శిబిరం పెట్టినవాళ్ళు మళ్ళీ ఆ ఊరు రాలేదు. అయినా ఆమె చివరిదాకా వాళ్ళను దీవిస్తూనే ఉంది.

కృత్రిమ లెన్సును లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే మనిషి కంట్లో అమర్చాడు. దాన్ని మెరుగుపరచటానికి చాలా ఏళ్ళు పట్టిన మాట నిజమే. కాని మెరుగుపడిన తర్వాత కూడా అది డబ్బున్న దేశాలనూ, డబ్బున్న కళ్ళనూ ముందు వెతుక్కుంది. లెన్సు ఖరీదు వంద డాలర్లు దాటేది. దాన్ని అమర్చటం వచ్చిన వైద్యులు పట్నాలు దాటేవారు కారు.

ఈ రెండు అడ్డంకులనూ ఒకేసారి ఎదుర్కొన్నవారిలో ఫ్రెడ్ హాలోస్ ఒకడు. 1929లో న్యూజీలాండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన కంటి వైద్యుడు. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1987లో, విమోచన యుద్ధం జరుగుతూ ఉండగానే, ఎరిట్రియా వెళ్ళాడు. నేపాల్ నుంచి వచ్చిన సందుక్ రూయిత్‌కు సిడ్నీలో పని నేర్పాడు. 1992 జూలైలో, కాన్సరుతో ఆస్పత్రిలో ఉన్నవాడు లేచి హనోయి వెళ్ళి, మూడువందల మందికి పైగా వియత్నాం వైద్యులకు ఆధునిక శస్త్రచికిత్స నేర్పే పని చేపట్టాడు. 1993 ఫిబ్రవరిలో చనిపోయాడు. మరుసటి ఏడు ఎరిట్రియా రాజధాని అస్మరాలో లెన్సుల కర్మాగారం తెరుచుకుంది. అదే 1994లో రూయిత్ కాఠ్మాండులో తిలగంగ కంటి ఆస్పత్రి నెలకొల్పాడు. అక్కడా లెన్సులు తయారవసాగాయి. మనకు దగ్గరలో మదురైలో ఆరోలాబ్ 1992లోనే ఈ పని మొదలుపెట్టింది. లెన్సు ధర పది డాలర్ల లోపుకు దిగింది.

రూయిత్ పద్ధతిలో కంటి తెల్లగుడ్డులో చిన్న సొరంగంలాంటి కోత పెడతారు. అది తనంతట తానే మూసుకుంటుంది, కుట్టు అక్కర్లేదు. ఖరీదైన యంత్రం కూడా అక్కర్లేదు. మైక్రోస్కోపూ, నేర్చిన చెయ్యీ ఉంటే చాలు. ఈ పద్ధతినీ, యంత్రంతో చేసే పద్ధతినీ నేపాల్‌లోనే పోల్చి చూసి 2007లో ఫలితాలు ప్రచురించారు. చూపు రెంటిలోనూ దాదాపు సమానంగా వచ్చింది. చేతి పద్ధతికి సమయమూ ఖర్చూ తక్కువ పట్టాయి. చవక వైద్యమంటే తక్కువరకం వైద్యమనే మాట ఇక్కడ చెల్లదు.

మా కాలేజీలో కంటి శిబిరానికి చందాలు పోగుచేద్దామనే మాట వచ్చినప్పుడు, ఒక విద్యార్థి, "ఇది సంస్కరణవాదం కాదా మాస్టారూ? ప్రభుత్వం బాధ్యతను మనం నెత్తిన వేసుకోవటం కాదా?" అన్నాడు. శిబిరం వచ్చిపోయేదైతే అతని మాట నిజం. పదిరోజుల వైద్యయాత్రలో వంద కళ్ళు బాగుపడితే సంతోషమే. నూటొకటో కన్ను మాత్రం మరో యాత్ర కోసం ఎదురుచూడాలి. స్థానిక వైద్యుడికి పని నేర్పినప్పుడు ఆ ఎదురుచూపు తప్పుతుంది. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయని అడిగే మనం, నైపుణ్యం కూడా ఉత్పత్తి సాధనమేనని గుర్తించాలి.

అయితే ఇంకో ప్రశ్న ఉంది. కొత్త వైద్యుడు ఎవరి కంటిమీద నేర్చుకుంటాడు? డబ్బున్నవాడు అనుభవజ్ఞుణ్ణి ఎంచుకుంటాడు. ఎంచుకునే వీలులేని పేదవాడే పాఠానికి పలక అవుతాడు. మంచి శిక్షణాలయాల్లో ముందు మేక కళ్ళ మీద చెయ్యి సాధన చేయిస్తారు. ఆ తర్వాత గురువు పక్కనుండగా, శస్త్రచికిత్సలో ఒక్కొక్క మెట్టే శిష్యుడికి అప్పగిస్తారు. ఎన్ని ఆపరేషన్లు చేశారని కాక, వారాల తర్వాత ఎంతమందికి ఎంత చూపు నిలిచిందని లెక్క రాస్తారు. ఇందుకు నెలల ఓపిక కావాలి. విమానం దిగి, ఫొటోలు తీయించుకుని, విమానం ఎక్కేవాడికి అది ఉండదు.

కనుక శిబిరమన్నది ఏదైనా సరే, మూడు ప్రశ్నలు అడిగి తీరాలి: కత్తి పట్టిందెవరు? వాళ్ళు ఎవరికి నేర్పారు? కట్టు విప్పాక రోగిని చూసేదెవరు? ఈ మూడింటికీ జవాబు చెప్పే పనికి చందా ఇవ్వటం తప్పుకాదు. అదే జవాబు ప్రతి జిల్లా ఆస్పత్రిలోనూ దొరకాలని ప్రభుత్వాన్ని నిలదియ్యటం ఆ చందాతోపాటు మన మీద పడే బాధ్యత. అంతవరకూ సోడాబుడ్డి అద్దాలిచ్చి దీవెనలు పుచ్చుకునే దాతల కాలం పూర్తిగా పోయిందనుకోలేము.