చుట్టుట – కట్టుట

పడితే దెబ్బతినే వస్తువును దూరప్రయాణానికి సిద్ధం చేయడంలో రెండు పద్ధతులున్నాయి. అది ఎలాగూ పడుతుందని ముందే ఒప్పుకొని, పడినా దెబ్బ తగలకుండా చుట్టడం ఒకటి. అసలు పడకుండా కట్టడం రెండవది. వినడానికి రెండూ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. మోటారుసైకిలు విషయంలో రెండింటినీ దగ్గర నుంచి చూసిన తరువాత, వాటి వెనుకనున్న మనస్తత్వాలు బొత్తిగా వేరని నాకు తోచింది. ఈ టపా ఆ తేడా గురించే.

చుట్టడం మనందరికీ తెలిసినదే. 2007లో మా తమ్ముడికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చినప్పుడు వాడి బుల్లెట్‌ను విజయవాడ నుంచి రైల్లో పంపించాము. పార్సెల్ ఆఫీసు బయటే ఆ పని చేసేవాళ్ళుంటారు. ముందుగా ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీయించారు. అద్దాలు విప్పి విడిగా కట్టారు. హ్యాండిలుకూ, హెడ్‌లైటుకూ, ట్యాంకుకూ ఎండుగడ్డి దట్టంగా పెట్టి, పైన గోనెపట్టా చుట్టి, పురికొసతో కుట్టేశారు. అరగంటలో బండి రూపం పోయి, ఏదో జంతువు మేను ముడుచుకొని పడుకొన్నట్టు తయారయింది. దాని మీద ఊరిపేరు రాసిన అట్టముక్క కట్టి, ఆర్.సి. నకలూ, ఫారమూ, డబ్బూ ఇచ్చి రసీదు పుచ్చుకొని ఇంటికి వచ్చేశాము. బండి క్షేమంగానే చేరింది. అక్కడ గోనె విప్పుతుంటే గడ్డి వాసన వచ్చిందని తమ్ముడు ఫోనులో చెప్పాడు.

ఆ ఏర్పాటులో ఒక వివేకం ఉంది. పార్సెల్ పెట్టెలో బండి పక్కన చేపల బుట్ట ఉండవచ్చు, బట్టల మూట ఉండవచ్చు. దారిలో ప్రతి స్టేషనులోనూ హమాలీలు వాటిని జరుపుతారు, దించుతారు, ఎక్కిస్తారు. ఎవరి చేతిలో ఏం జరుగుతుందో యజమానికి తెలియదు. కనుక గడ్డినీ గోనెనూ నమ్ముకొని, రసీదు జేబులో వేసుకొని వెళ్ళిపోతాడు. చుట్టడమంటే వస్తువును పరుల చేతిలో పెట్టడానికి చేసే సన్నాహం.

కట్టడం నేను చూసింది అమెరికాలో, 2016 అక్టోబరులో. అప్పుడు మేము ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉండేవాళ్ళం. మా పొరుగింటి పెద్దాయన చాలా ఏళ్ళు లారీ డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న మనిషి. భార్య పోయాక ఒంటరివాడయ్యాడు. అన్నగారి కూతురు టెనెసీ రాష్ట్రంలో, నాష్‌విల్‌లో ఉంటుంది. ఆమె ఇంటికి దగ్గరగా మకాం మార్చుకొంటున్నాడు. సామాను ముందే వెళ్ళిపోయింది. మిగిలినవి రెండు మోటారుసైకిళ్ళు.

ఒకటి ఆయన సొంతది, హోండా గోల్డ్‌వింగ్. 2003లో కొలంబస్‌కు కూతవేటు దూరంలో ఉన్న మేరీస్‌విల్ కర్మాగారంలోనే తయారైనది. ఆరు సిలిండర్ల ఇంజను, సుమారు 400 కిలోల బరువు. వెనక్కు నడపడానికి ప్రత్యేకంగా ఒక మీట కూడా ఉంటుంది. అంత బరువును కాళ్ళతో వెనక్కు తోయడం ఎవరి తరమూ కాదు మరి. రెండవది ట్రయంఫ్ బానెవిల్, అందులో సగానికి కాస్త ఎక్కువ బరువు. అది ఆయన అన్నగారిది. ఆయన పోయి అప్పటికి ఏడాదయింది. దాన్ని ఆ అమ్మాయికి అప్పగించాలి. ట్యాంకుకు రెండువైపులా, మోకాళ్ళు ఆనేచోట, రంగు కాస్త వెలిసి మెరుపు తగ్గి ఉంది. పెద్దాయన అక్కడ వేలు పెట్టి చూపించి, "ఇవి మా అన్న పెట్టిన గుర్తులు. వీటికి తోడు నా గుర్తు ఒక్కటి కూడా దీని మీద పడకూడదు" అన్నాడు.

బండ్లను తీసుకుపోయే కంపెనీలు అక్కడ లేకపోలేదు. ఆయన ఆ మాటే ఎత్తనివ్వలేదు. తన పికప్ ట్రక్కుకు తగిలించుకోవడానికి నాలుగుపక్కలా మూసి ఉండే ట్రెయిలరు ఒకటి అద్దెకు తెచ్చాడు. 7 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, రెండు ఇరుసులు. వెనుక తలుపే కిందికి వాలి ఎక్కుడుబల్ల అవుతుంది. సాయానికి నేను వెళ్ళాను. మా ఇంట్లో రెండు పాత దుప్పట్లుంటే, గోనె అలవాటు కొద్దీ, ట్యాంకు మీద కప్పుదామా అని అడిగాను. వద్దన్నాడు. గుడ్డకూ రంగుకూ నడుమ కాస్త దుమ్ము చేరితే చాలు, ఆరేడు గంటల అదురుకు అది గరుకు కాగితంలా రుద్దుతుందట. కప్పినదే గీస్తుందన్నమాట. పడకుండా కట్టగలిగితే కప్పవలసిన పనే లేదన్నాడు.

ఆయన మొదట చూసినది బండ్లను కాదు, ట్రెయిలరు నేలను. నేలంతా ప్లైవుడ్. అందులో అక్కడక్కడ కొక్కేలు తగిలించే ఇనుప కడియాలున్నాయి. కింద దూరి, ఆ కడియాల బోల్టులు చెక్కలోనే ఆగాయా, అడుగున ఉన్న ఇనుప దూలాల దాకా దిగాయా అని ఒక్కొక్కటే పరీక్షించాడు. చెక్కకు మాత్రమే బిగించిన కడియం పెద్ద కుదుపుకు మేకులా ఊడివస్తుంది. పట్టీ ఎంత గట్టిదైతేనేం, అది పట్టుకొన్నదే ఊడిపోయాక?

తరువాత బరువు పంపకం. ఇది నాకు వివరించనక్కరలేదు. మా తాతగారి ఊళ్ళో ఎడ్లబండి ఎరిగినవాళ్ళెవరికైనా తెలిసినదే. ముందుబరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనకబరువు ఎక్కువైతే నొగ పైకి లేచి, మెడపట్టెడలు గొంతుకు బిగుస్తాయి. ఇరుసుకు కాస్త ముందుగా బరువు నిలిపితేనే ఎద్దుకు సుఖం. ట్రెయిలరుకూ అదే ధర్మం. మొత్తం బరువులో రమారమి 60 శాతం ఇరుసులకు ముందువైపు ఉండాలి. ట్రక్కుకు తగిలించే కొన మీద మొత్తంలో 10 నుంచి 15 శాతం దాకా ఆనాలి. అంతకు తగ్గితే, వేగం అందుకొన్నప్పుడు ట్రెయిలరు పాము తోకలా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు ముదిరితే ముందున్న ట్రక్కును కూడా రోడ్డు మీద నుంచి ఈడ్చుకుపోతుంది. అందువల్ల బరువైన గోల్డ్‌వింగ్ ముందుకూ, బానెవిల్ దానికి కాస్త వెనుకగా పక్కకూ నిలిచాయి. అలా నిలిపితే హ్యాండిళ్ళు ఒకదానికొకటి తగలవు కూడా.

ఇక కట్టు. ముందుచక్రాన్ని నేలకు బిగించిన ఇనుప చట్రంలోకి దూర్చాడు. ఒక్కొక్క బండికి నాలుగు పట్టీలు, ముందు రెండు, వెనుక రెండు. అంగుళంన్నర వెడల్పు పాలియెస్టరువి. నైలాను తడిస్తే సాగుతుంది, పాలియెస్టరు అంతగా సాగదు. ప్రతి పట్టీకీ ఒకవైపే తిరిగే పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. దాని పేరు రాచెట్. మీట ఆడించినకొద్దీ టకటకమని బిగుస్తుంది, వెనక్కు జారదు. పట్టీ మీద కుట్టిన చీటీలో రెండు అంకెలున్నాయి. 3,000 పౌన్లకు తెగుతుంది, 1,000 పౌన్లకు మించి వాడరాదు. తెగే బరువులో మూడోవంతునే నమ్మాలన్నది అక్కడి లెక్క.

ఇనుప కొక్కేన్ని నేరుగా బండికి తగిలించలేదు. గుడ్డతో నేసిన మెత్తని ఉచ్చులను ముందు ఫోర్కుల నడుమనున్న దిమ్మ చుట్టూ వేసి, కొక్కేలను వాటికి తగిలించాడు. హ్యాండిలుకే కట్టవచ్చు కదా అంటే, అది బిగింపులో తిరిగిపోవచ్చు, వంగనూ వచ్చు అన్నాడు. గోల్డ్‌వింగ్‌కు ఒళ్ళంతా ప్లాస్టిక్ తొడుగే కనుక, ఆ ఉచ్చు వేసే చోటు వెదకడానికే చాలాసేపు పట్టింది. పట్టీలు బండి నుంచి రెండుపక్కలకూ, కిందికీ సుమారు 45 డిగ్రీల వాలులో దిగాయి. నిట్టనిలువుగా దిగితే పక్కకు పడకుండా ఆపలేవు. మరీ చదునుగా సాగితే కిందికి అదిమి పట్టలేవు.

అసలు కిటుకు ఆ తరువాత తెలిసింది. ఆయన రెండువైపులా సమానంగా బిగిస్తూ, ముందు ఫోర్కుల స్ప్రింగులను సగం దాకా కుంగనిచ్చి ఆపేశాడు. ఇంకా బిగిద్దామని నేను మీట మీద చెయ్యి వేయబోతే వారించాడు. స్ప్రింగు సగం కుంగితే, అది ఎప్పుడూ పైకి తన్నుతూ పట్టీని బిర్రుగా ఉంచుతుంది. గోతిలో చక్రం పడినప్పుడు బండి ఇంకా కుంగడానికి చోటు ఉంటుంది. పూర్తిగా కుంగదీస్తే ఆ చోటు పోతుంది. అప్పుడు ప్రతి కుదుపూ నేరుగా పట్టీకీ, నేలలోని కడియానికీ తగులుతుంది. ఫోర్కులలోని నూనె సీళ్ళకూ మంచిది కాదు. అలాగని వదులుగా వదిలితే బండి ఎగిరినప్పుడల్లా పట్టీ సడలి, నోరు తెరిచి ఉన్న కొక్కెమైతే జారిపోతుంది. అందుకే ఆయన కొక్కేలన్నింటికీ నోరు మూసే నాలుకలున్నాయి. బండిలో కదిలే గుణాన్ని చంపకుండా, దాన్నే కట్టుకు ఊతంగా వాడుకోవడం నాకు చాలా నచ్చింది.

సైడ్ స్టాండు మీద ఆనించి కట్టడం కూడా తప్పేనట. పట్టీలు కిందికి లాగుతుంటే ఆ బరువంతా ఒక్క సన్నని కడ్డీ మీద పడుతుంది. బండి నిటారుగా, రెండు చక్రాల మీదే నిలవాలి. గేరు మొదటిదానిలో ఉండాలి. పట్టీల మిగులుకొసలు రంగు మీద కొట్టుకోకుండా చుట్టి ముడివేశాడు. బానెవిల్‌కు పెట్రోలు ట్యాపు కట్టేశాడు. రెండు ట్యాంకులలోనూ కొద్దిగానే ఉంచాడు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పేరుకొంటుంది. మూసిన ట్రెయిలరులో దానికి దారి కావాలని గాలిరంధ్రాలు తెరిచి పెట్టాడు. తలుపు తీసిన వెంటనే లోపలికి అడుగు పెట్టవద్దనీ, దరిదాపుల్లో అగ్గిపుల్ల వెలగకూడదనీ నాకు రెండుసార్లు చెప్పాడు.

కొలంబస్ నుంచి నాష్‌విల్‌కు సుమారు 380 మైళ్ళు. సిన్సినాటి, లూయివిల్ మీదుగా దారి. తోడుగా నేనూ వెళ్ళాను. ఒక గంటైనా కాకముందే, సిన్సినాటికి చాలా ఇవతల, ఒక విశ్రాంతి స్థలంలో బండి ఆపాడు. కాఫీకేమో అనుకొన్నాను. నేరుగా వెనక్కు వెళ్ళి తలుపు తెరిచాడు. అక్కడి సరుకు లారీల డ్రైవర్లకు కేంద్రప్రభుత్వ నిబంధన ఒకటి ఉందట. బయలుదేరిన మొదటి 50 మైళ్ళలోపు సరుకు కట్టు ఒకసారి చూసుకోవాలి. ఆ తరువాత ప్రతి 150 మైళ్ళకో, మూడు గంటలకో, ఏది ముందైతే అప్పుడు చూడాలి. ఆయనకు ఉద్యోగం పోయింది కానీ నిబంధన పోలేదు. ఎనిమిది పట్టీలనూ వరుసగా చేత్తో మీటి చూశాడు. బానెవిల్ ఎడమవైపు పట్టీ కాస్త మెత్తబడింది. టైరు, స్ప్రింగూ, ఉచ్చూ తమతమ చోట్లలో సర్దుకొన్నాక అలా కావడం సహజమేనట. రెండు పళ్ళు బిగించి, కుడివైపుది కూడా సరిచూసి, తలుపు మూశాడు.

అక్కడ నిలబడి ఉండగా నాకు మా ఊరి గడ్డిబండి జ్ఞాపకం వచ్చింది. కళ్ళంలో గడ్డి ఎత్తుగా వేసి, పైన ఇద్దరెక్కి తొక్కుతుంటే, కింద ఒకరు మోకు లాగి బిగించేవారు. అంత బిగించినా చెరువుగట్టు దాటగానే బండి ఆపేవారు. అప్పటికి గడ్డి అణగి, మోకు వదులయ్యేది. మళ్ళీ లాగి బిగించి కట్టాకనే రోడ్డెక్కేవారు. ఆ పాలేర్లకు ఏ ప్రభుత్వమూ 50 మైళ్ళ నిబంధన చెప్పలేదు. మొదటి కట్టు ఎప్పుడూ చివరి కట్టు కాదని మాత్రం వారికి తెలుసు.

చుట్టినదాన్ని మళ్ళీ విప్పేది చేరిన ఊళ్ళోనే. కట్టినదాన్ని దారి పొడుగునా చూసుకొంటూ ఉండాలి. కట్టినవాడు వెంట వెళ్ళాలి, ఆగాలి, తలుపు తీయాలి, చెయ్యి వేసి చూడాలి. పెద్దాయన ఏ కంపెనీకీ ఎందుకు అప్పగించలేదో నాకు అక్కడ అర్థమయింది. అన్నగారి బండి కోసం తానుగా చేయగలిగిన చివరి పని అదే. దాన్ని రసీదుతో ముగించడం ఆయనకు ఇష్టం లేదు. వెనుకటి తరం మనుషులలో ఇటువంటి పట్టుదలను చాదస్తమని మనం నవ్వుకొంటాము. ఆ చాదస్తానికి పని తెలిసిన చెయ్యి తోడైతే దాన్నే శ్రద్ధ అంటారనుకొంటాను.

నాష్‌విల్ చేరేసరికి పొద్దు వాలింది. కట్టడంకంటే విప్పడమే ప్రమాదమని అక్కడ తెలిసింది. ఒకవైపు పట్టీ వదలగానే కుంగి ఉన్న స్ప్రింగు లేస్తుంది. రెండవవైపు పట్టీ బండిని తనవైపు లాగుతుంది. అందుచేత ఒకరు బండిని రెండు చేతులా పట్టుకొని నిలబడి ఉంటేనే ఇంకొకరు రాచెట్ విప్పాలి. బానెవిల్‌ను పట్టుకొని ఉన్నది ఆ అమ్మాయి. విప్పినది పెద్దాయన. ఆఖరి పట్టీ ఊడి, బండి బరువు చేతుల్లోకి రాగానే ఆమె ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. "నీ చేతికి వచ్చినట్టేనా?" అని పెద్దాయన అడిగాడు. వచ్చిందని చెప్పాకనే ఆయన చెయ్యి తీశాడు. కొత్త గీత ఒక్కటి కూడా లేదు. ట్యాంకు మీద మోకాళ్ళ గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇంత రాశాక ఒక లోటు కనిపిస్తోంది. రాచెట్‌కు మంచి తెలుగు మాట నా దగ్గర లేదు. మోకు, పలుపు, పగ్గం, ఉచ్చు, జారుముడి, పీటముడి అంటూ తాళ్ళకూ ముళ్ళకూ ఇన్ని పేర్లు పెట్టుకొన్న భాష మనది. మీ ఊళ్ళలో లారీవాళ్ళు, బండివాళ్ళు బిగింపుకు సంబంధించి వాడే మాటలేమైనా తెలిస్తే చెప్పండి. ముఖ్యంగా, దారిలో ఆగి రెండోసారి బిగించడానికి ప్రత్యేకంగా ఒక మాట ఎక్కడో ఉండే ఉంటుందని నా నమ్మకం.