టర్బో బండి బేరం

పొగగొట్టంలో వృథాగా పోయే వేడివాయువులతో చక్రం తిప్పి, ఇంజనులోకి అదనంగా గాలి ఎక్కించేదే టర్బో. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. మా అన్నకు అదంటే ప్రాణం. పాత మహీంద్రా థార్ కొని, వెడల్పు టైర్లు, ఎత్తు స్ప్రింగులు, మోత మోగే సైలెన్సరు బిగించాడు. ఇంజను కంప్యూటరు లెక్కలు మార్పించి టర్బో ఒత్తిడి పెంచాడు. జమ్మలమడుగు రోడ్డు మీద పోతావుంటే పిల్లకాయలు వెంటబడేవాళ్లు.

రెండేండ్లు వరసగా శనగ దెబ్బతినింది. బ్యాంకు బాకీ కోసం బండిని అమ్మకానికి పెట్టినాం. కర్నూలు నుంచి వచ్చినాయన చుట్టూ తిరిగి చూసి, "బండి బాగుందప్పా, ఆర్.సి.లో ఉండే బండి యాడ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. మార్పులకు పెట్టిన సొమ్ము ధరలో కలవదు, పైగా కోత పడుతుంది. నీళ్లు పడని బోరుకు పొలం ధర పెరుగుతుందా!

అప్పుడు నాయన గడ్డివామి వెనక గోనెపట్టాల కింద దాచిన పాత చక్రాలు, స్ప్రింగులు, సైలెన్సరు బయటికి తీశాడు. అవన్నీ బిగించి, కంప్యూటరును మొదటి లెక్కకు తెచ్చినాకే బేరం కుదిరింది. బాకీ తీరింది. అన్న మాత్రం ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు.