పన్నెండు గంటల సైరన్

మా బడి పత్రికలో తెలుగు పేజీలు ఏటా నా నెత్తినే పడతాయి. ప్రైమరీ పిల్లలకు అన్ని సబ్జెక్టులూ చెప్పినా, తెలుగు పిల్లలకు వారానికి మూడు పీరియడ్లు తెలుగు చెప్తాను కాబట్టి అందరికీ నేను ‘తెలుగు మేడమ్’నే. నిరుడు సంక్రాంతి గురించి రాశాను. ఈసారి సైరన్ గురించి రాస్తాను. పండగ కబుర్లు కావాలనుకునేవాళ్లు నన్ను మన్నించాలి.

నాగపూర్ శివార్లలో ఫ్యాక్టరీ కాలనీని ఆనుకుని మా బడి ఉంది. మధ్యాహ్నం పన్నెండుకు ఫ్యాక్టరీ సైరన్ మోగుతుంది. ఇక్కడివాళ్లు దాన్ని ‘భోంగా’ అంటారు. భోంగా మోగిందంటే ఫ్యాక్టరీలో టిఫిన్ డబ్బాలు తెరుచుకుంటాయి, కాలనీ కుక్కలు మెడలెత్తి ఊళ పెడతాయి, మా పిల్లలు మాత్రం తల కూడా ఎత్తరు. నేనూ ఎత్తను. అసలు సైరన్ల మధ్య పుట్టినదాన్ని.

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో పనిచేసేవాడు. గనిని మేం బాయి అంటాం, బొగ్గుబాయి. మా ఇంట్లో గోడ గడియారం ఉండేది గాని దాన్ని ఎవరూ చూసేవారు కాదు. పొద్దున ఏడుకో కూత, మధ్యాహ్నం మూడుకో కూత, రాత్రి పదకొండుకో కూత. అన్నం వార్చడం, మమ్మల్ని లేపడం, పక్కింటి అత్తతో పెట్టుకున్న ముచ్చట్లు ఆపడం, అన్నీ ఆ కూతల లెక్కనే. మొదటి షిఫ్టు అయి మూడు గంటల కూత వినగానే అమ్మ, “నాన్నొచ్చే యాళైంది, పుస్తకాలు తియ్యండి” అనేది. కాసేపటికి సైకిల్ గంట వినిపించేది. అందుకే సైరన్ అంటే నా చెవికి ఒకటే అర్థం. నాన్న బాయిలోంచి పైకి వచ్చాడు, ఇంటికి వస్తున్నాడు. మొదటి పోస్టింగులో, ఏ కూతా లేని ఊళ్లో, నెల రోజులు నాకు సరిగా నిద్ర పట్టలేదంటే మీరు నవ్వుతారు.

ఇక పోయిన జులై సంగతి. నాలుగో తరగతికి కొత్త అమ్మాయి వచ్చింది. జమ్మూ నుంచి బదిలీ. అమ్మది డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉద్యోగం, ఇక్కడికి వేశారు. నాన్న సైన్యంలో, ఇంకా అటువైపే ఉన్నాడు. మీ బడుల్లో ఇలాంటి కొత్త ముఖాలు ఏటా వస్తూనే ఉంటాయి, మీరూ ఎప్పుడో ఒకప్పుడు అలా వచ్చినవాళ్లే. పేరు చెప్పి, కిటికీ పక్క బెంచీలో కూర్చుంది. భాగహారం చెప్తున్నాను. పన్నెండయింది.

సైరన్ మొదలైన రెండో సెకనులో ఆ పిల్ల బెంచీ కింద ఉంది. నేల మీద బోర్లా పడుకుని, మోచేతులు ఆనించి, రెండు చెవులూ మూసుకుంది. ఎవరో చక్కగా నేర్పిన పద్ధతి. తరగతంతా ఘొల్లుమంది. నాక్కూడా నవ్వొచ్చింది. దాచుకుని ఉండాల్సింది, దాచుకోలేదు. “లేమ్మా, ఏం కాదు, అన్నానికి కొట్టే సైరన్” అన్నాను.

ఆమె లేవలేదు. మోత ఆగాక నెమ్మదిగా బయటికి వచ్చి, స్కర్టు దులుపుకుని, ఏడవకుండా, హిందీలో నన్నొక ప్రశ్న అడిగింది. “మేడమ్, డేంజర్ సైరన్ మోగకుండా ఆల్ క్లియర్ ఎందుకు మోగింది?”

నా దగ్గర జవాబు లేదు. ఆమె ఏమంటోందో కూడా నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం కూర్చుని చదివితే తెలిసింది. పౌర రక్షణ సైరన్‌లో రెండు మోతలుంటాయి. పైకి లేస్తూ, కిందికి పడుతూ, మళ్లీ లేస్తూ ఏడ్చినట్టుండేది ప్రమాద హెచ్చరిక. ఒకే స్థాయిలో సాగిపోయేది ఆల్ క్లియర్, అంటే ప్రమాదం తప్పింది, బయటికి రావచ్చు అని. మన ఫ్యాక్టరీ సైరన్ ఒకే స్థాయిలో సాగుతుంది. అయితే ఏ సైరనైనా మొదట కింది నుంచి పైకే లేస్తుంది. ఆ లేవడం వినగానే పిల్ల కిందికి దూరింది. దూరాక మోత పడిపోలేదు, నిలకడగా సాగింది. నలభైమందిమి నవ్వుతుంటే ఆ గదిలో సైరన్‌ను నిజంగా విన్నది ఆమె ఒక్కతే.

2025 మే 7న దేశంలోని 244 పౌర రక్షణ జిల్లాల్లో సైరన్ల డ్రిల్ తలపెట్టారు. మనలో చాలామందికి అది డ్రిల్లే. హైదరాబాద్‌లో సాయంత్రం నాలుగింటికి మోగినప్పుడు మా పిన్ని ఫోన్‌లో వీడియో తీసి పంపింది, నేను బొటనవేలు బొమ్మ పెట్టాను. మర్నాడు రాత్రి జమ్మూలో మోగింది మాత్రం డ్రిల్ కాదు. ఊరంతా దీపాలు ఆర్పేశారు. 10వ తేదీ సాయంత్రం కాల్పులు ఆపాలన్న ఒప్పందం కుదిరేదాకా ఆ పిల్ల ఎన్నిసార్లు బల్ల కిందికి దూరిందో నేను అడగలేదు. వాళ్లమ్మ ఒకే మాట చెప్పింది. అక్కడ ఆల్ క్లియర్ వినేదాకా కూతురు ఆమె కొంగు వదిలేది కాదట.

మర్నాడు భాగహారం పక్కన పెట్టాను. మా తరగతిలో ఒక బాబు వాళ్ల నాన్న ఫ్యాక్టరీ అగ్నిమాపక విభాగంలో పనిచేస్తారు. ఆయన్ని బతిమాలి బడికి పిలిపించాను. ఆయన చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద సైరన్ కడుపు విప్పి చూపించారు. లోపల చక్రం, దాని అంచు చుట్టూ కన్నాలు. బయట కదలని డబ్బా, దానికీ కన్నాలు. మోటారు చక్రాన్ని తిప్పుతుంది. కన్నానికి కన్నం ఎదురైనప్పుడు గాలి బయటికి తన్నుకొస్తుంది, ఎదురు కానప్పుడు ఆగిపోతుంది. సెకనుకు వందలసార్లు గాలి ఇలా తెగితే ఆ తెగడమే మోత. వేగం పెరిగితే గొంతు పైకి లేస్తుంది, తగ్గితే కిందికి దిగుతుంది. “మరి ఏడుపు ఎలా?” అని మా పిల్ల అడిగింది. “స్విచ్ వేస్తాం, తీస్తాం, వేస్తాం, తీస్తాం. అంతే” అన్నారాయన. ఆమె ముఖం చూడాలి మీరు. రాత్రంతా నిద్ర పోనివ్వని మోత వెనక ఒక మనిషి, ఒక స్విచ్ ఉన్నారని తెలిసింది.

(ఒక చిన్న ముచ్చట. 1819లో కాన్యార్ ద లా తూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇలాంటి యంత్రం చేశాడు. అది నీళ్లలో కూడా మోగేది. అందుకని గ్రీకు కథల్లోని సముద్ర కన్యల పేరు, సైరన్ అని, పెట్టాడు. ఆ కన్యలు పాట పాడి నావికుల్ని చావుకు పిలిచేవాళ్లు. అదే పేరున్న యంత్రం ఇప్పుడు జనాన్ని చావుకు దూరంగా పొమ్మంటోంది.)

తర్వాత ఒక నోటు పుస్తకం పెట్టాం. మీ పాత ఊళ్లో సైరన్ మోగితే ఏం చేసేవారో రాయండన్నాను. బదిలీల మీద తిరిగే పిల్లలున్న తరగతిలో ఇలాంటి వాటికి కొదవుండదు. నైవేలి నుంచి వచ్చిన బాబుది నా చిన్నప్పటి కథే, షిఫ్టు సైరన్. పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన పాప సునామీ వస్తే గుట్ట ఎక్కాలని రాసింది. 2004 డిసెంబర్ 26 నాటికి ఆమె ఇంకా పుట్టలేదు, వాళ్ల తాత చెప్పాడట. ఆ సునామీ తర్వాత 2007లో మన దేశానికి హెచ్చరిక కేంద్రం ఏర్పడింది, అది ఉన్నది సముద్రమే లేని హైదరాబాద్‌లో అని నేను చెప్తే ఒక్కరూ నమ్మలేదు. నేనూ ఒక పేజీ రాశాను. ఒడిశాలో గంజాం జిల్లాలో పనిచేసిన రోజుల్లో తీరం వెంట సైరన్ స్తంభాలు వెలిశాయి, ఆరు జిల్లాల్లో కలిపి 122 చోట్ల. అక్కడి మత్స్యకారుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ముందు ఒక ముసలమ్మను, “స్తంభం కూస్తే ఏం చేస్తావమ్మా?” అని అడిగాను. “కూసేదాకా ఆగితే పడవ ఎవుడు లాగుతాడు?” అంది.

పుస్తకం చివర మా తరగతి లీడరు ఒక ప్రశ్న రాశాడు, “సైరన్ మోగకపోతే?” దీనికి కథ అల్లలేను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్న ఇళ్ల మీదికి వచ్చింది. పన్నెండుమంది పోయారు. సైరన్ ఉంది, మోగించలేదని విచారణ కమిటీ రాసింది. పిల్లలకు అంతే చెప్పాను. అదయ్యాక తరగతిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు పన్నెండుకు భోంగా మోగినప్పుడు నలుగురైదుగురు తలెత్తి చూశారు. తలెత్తడం వాళ్లకు అదే మొదటిసారి.

మా జమ్మూ పిల్లకు అలవాటు పడటానికి నెల పైనే పట్టింది. మొదటి వారం పన్నెండుకు ఐదు నిమిషాల ముందే నేను వెళ్లి ఆ బెంచీ పక్కన నిలబడేదాన్ని. మొదటి రోజు నవ్వినందుకు క్షమించమని అడిగాను కూడా. ఆమెకు అది గుర్తు లేనట్టే ఉంది, లేదా గుర్తు లేనట్టు నటించింది. రెండో వారం బల్ల కిందికి వెళ్లకుండా బల్ల అంచు పట్టుకుంది. తర్వాత పెన్సిల్ పట్టుకుంది. దసరా సెలవుల ముందు ఒకరోజు సైరన్ మోగుతుంటే, తలెత్తకుండానే పక్క పిల్లను ఎరేజర్ అడిగింది.

జనవరి 30న పదకొండు గంటలకు అమరవీరుల కోసం రెండు నిమిషాల మౌనం పాటిస్తాం కదా. ఆ మౌనానికి ముందొకసారి, తర్వాతొకసారి సైరన్ మోగుతుంది. ఈ సంగతి నేను ఆమెకు ముందు రోజే చెప్పాను. “రెండోది ఆల్ క్లియరేనా?” అంది. అవునన్నాను. మౌనంలో అందరూ నేలచూపులు చూస్తుంటే ఆమె మాత్రం గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది.

ఫిబ్రవరిలో వాళ్ల నాన్న సెలవు మీద వచ్చాడు. అర్ధపూట బడి రోజు కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, మామూలు చొక్కాలో ఉన్నాడు. వాళ్లిద్దరూ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేశారో లేదో, పన్నెండయింది. సైరన్ లేచింది. ఆయన ఆగిపోయాడు. కూతుర్ని ఒక్కసారిగా దగ్గరికి లాక్కుని ఆకాశం వైపు చూశాడు.

“పాపా,” అంది ఆమె, ఆయన వేలు పట్టి లాగుతూ, “భోంగా. అన్నానికి.”