ఎందరో కట్టిన కోట

పిల్లలూ, మీ ఊళ్ళో పాత పెంకుటిల్లు ఒకటి చూచే ఉంటారు. నడిమి గది తాతగారు కట్టించినది. ముందు వసారా నాన్నగారు దించినది. పక్కన డాబాగది మొన్న మొన్న బాబాయి వేయించినది. గోడలు చూచి, ఏది ఎవరి కాలంనాటిదో మీరే చెప్పగలరు. కోటలు కూడా అంతే! అవి ఒక్కరి చేతిమీద పూర్తి అయ్యేవి కావు.

అటువంటి కోట ఒకటి మనకు దగ్గరలోనే ఉన్నది. రెడ్డిగూడెంలో బయలుదేరి మైలవరం, జి. కొండూరు దాటి పోతే కొండపల్లి వస్తుంది. పేరు వినగానే మీకు బొమ్మలు గుర్తుకు వస్తాయి కదూ? ఆ బొమ్మలకు కావలసిన తెల్లపొణికి కర్ర దొరికే కొండలమీదనే ఈ కోట ఉన్నది.

దీనిని 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజులు కట్టించారు. కొండను ఎందుకు ఎంచుకున్నారంటారా? పైన ఉన్నవాడికి కిందనుంచి వచ్చేవాడు దూరాన ఉండగానే కనిపిస్తాడు. ఎక్కివచ్చే శత్రువుకు ఆయాసం, పైనున్న కాపలావాడికి తీరిక! అయితే కొండమీద నీళ్ళు లేకపోతే ఎంత గోడ ఉన్నా లాభం లేదు. శత్రువు కింద కాచుకుని కూర్చుంటే చాలు. అందుకే కోటలోపల లోతైన కోనేరు ఒకటి ఉన్నది. ధాన్యం దాచుకునే కొట్టు కూడా ఉన్నది.

ఎక్కే దారిలో ఒకదాని తరువాత ఒకటిగా మూడు ద్వారాలు వస్తాయి. వాటిలో పెద్దదానిని దర్గా దర్వాజా అంటారు. సుమారు 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు. దగ్గరలో ఒక ముస్లిం మహాత్ముని దర్గా ఉండటంవల్ల దానికి ఆ పేరు వచ్చింది. కొండ రెండవ వైపున, ఇప్పటి జగ్గయ్యపేట దిక్కుగా పోయే ద్వారం పేరు గోలకొండ దర్వాజా. చూశారా! రెడ్డిరాజుల కోటకు గోలకొండ పేరుతో ద్వారం! రాళ్ళే కాదు, పేర్లు కూడా చరిత్ర చెబుతాయి.

అది ఎలా జరిగిందో వినండి. రెడ్డిరాజుల తరువాత ఈ కోటకోసం గజపతులూ, బహమనీ సుల్తానులూ పోరాడారు. 1515 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుంచి దీనిని గెలుచుకున్నాడు. ఆ శతాబ్దంలోనే ఇది గోలకొండ సుల్తానుల చేతికి వచ్చింది. కొండ నెత్తిమీద కనిపించే మేడను తానీషా మహల్ అంటారు. రామదాసుగారి కథలో వచ్చే తానీషా పేరే అది! కింద అనేక గదులు, పైన పెద్ద హాలు. గోడ శత్రువును ఆపేందుకు, మహల్ దర్జాగా బతికేందుకు.

1687లో గోలకొండ మొగలాయీల వశమయింది. తరువాత కొండపల్లి నిజాముల కిందికి వచ్చింది. 1766లో ఇంగ్లీషు కంపెనీ సేనలు దీనిని పట్టుకున్నాయి. వారు సిపాయిలకు బారకాసులు ఏర్పరచి, ఇక్కడ సైనిక శిక్షణ నడిపారు. వారి సమాధులు కూడా ఇక్కడ ఉన్నాయి. 1859లో వారు కోటను వదిలివేశారు. తరువాత గబ్బిలాలు కాపురం పెట్టాయి.

ఇది మన దేశంలోని వింత మాత్రమే కాదు. ఫ్రాన్సులో లోష్ అనే చిన్న ఊరున్నది. అక్కడ 11వ శతాబ్దంలో యుద్ధంకోసం ఎత్తయిన రాతి బురుజు కట్టారు. తరువాత రాజులు ఆ ఆవరణలోనే అందమైన భవనం కట్టుకున్నారు. పాత బురుజును చెరసాలగా మార్చారు. 1926 వరకూ అది చెరసాలగానే ఉన్నది! మన కొండపల్లిలో కూడా జైలుఖానా ఉన్నది. దేశం వేరైనా, కోటల తీరు ఒక్కటే. భయం ఉన్నప్పుడు గోడ లేస్తుంది. భయం తగ్గితే మేడ లేస్తుంది. పని తీరితే పాడుపడుతుంది.

"ఇంతకూ ఈ కోట ఎవరిది?" అని మీరు అడగవచ్చు. రెడ్డిరాజులదా? రాయలదా? సుల్తానులదా? మీ ఇల్లు తాతగారిదా, నాన్నగారిదా, బాబాయిదా? అందరిదీ కలిస్తేనే ఇల్లు! ఒకరి గది మనకు నచ్చలేదని పడగొడితే కప్పు అందరి నెత్తినా పడుతుంది.

ఇప్పుడు కోట మనది. కొందరు పిల్లలు గోడలమీద మేకుతో పేర్లు చెక్కుతారు. అలా చెక్కితే ఆరు వందల యేళ్ళ పుస్తకంలో ఒక పేజీ చింపినట్లే! మీరు వెళ్ళినప్పుడు ఏ గోడముందైనా ఆగి, "నిన్ను ఎవరు కట్టారు? ఎందుకు కట్టారు? తరువాత నిన్ను ఎవరు వాడుకున్నారు?" అని అడిగి చూడండి. ఇంటికి వచ్చాక ఆ మూడు ప్రశ్నలే మీ నడిమి గదిని కూడా అడగండి. జవాబు తాతగారు చెబుతారు.